కుక్క మొరిగితే సరిపోదు, లేచి చూసేవాడు కావాలి: సి కోడ్, స్కానర్లు, మన పిల్లలు



పోస్టు పెద్దది. రాత్రి మెస్‌లో తిన్నాక తీరిగ్గా చదవండి. బీటెక్, డిగ్రీ, పాలిటెక్నిక్, ఎంసీఏ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం తప్పకుండా చదవాలి. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న అన్నలకు, అక్కలకు కూడా ఇందులో ఒక మాట ఉంది.

చైతన్యపురి మెట్రో దిగి అటు దిల్‌సుఖ్‌నగర్ వైపు నడిచినా, ఇటు ఎల్బీనగర్ వైపు నడిచినా బోర్డులే. ఒకప్పుడు ఎంసెట్, డీఎస్సీ, కానిస్టేబుల్ కోచింగ్ బోర్డులు ఎక్కువ. ఇప్పుడు వాటి పక్కన సైబర్ సెక్యూరిటీ, ఎథికల్ హ్యాకింగ్ బోర్డులు కూడా వచ్చినయి. దేవరకొండ తండాల నుంచి, అచ్చంపేట, ములుగు, భద్రాచలం వైపు నుంచి వచ్చిన మన పిల్లలు ఆ బోర్డులు చూసి ఇంటికి ఫోన్ చేస్తున్నారు. "మూడు నెలల కోర్సు నాయినా, ఉద్యోగం గ్యారంటీ అంటున్నరు." అంతే, పత్తి అమ్మిన డబ్బో, సంఘంలో తీసిన అప్పో ఇక్కడికి వస్తుంది. మూడు నెలల తర్వాత చేతిలో ఉండేది ఒక సర్టిఫికెట్, ఒక స్కానింగ్ టూల్ ఇచ్చిన రిపోర్టు ప్రింటు. ఇంటర్వ్యూలో "ఈ రిపోర్టులో రెండో లైన్ ఎందుకు ప్రమాదం?" అని అడిగితే నోరు పెగలదు. ఎందుకంటే రిపోర్టు తీయడం నేర్పారు, కోడ్ చదవడం నేర్పలేదు.

అన్ని చోట్లా ఇట్లనే ఉందని మేము అనడం లేదు. బాగా చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. కానీ మా రూముల్లో ఉన్న పిల్లల్ని చూసి ఒక అభిప్రాయానికి వచ్చాం. సి భాషలో రాసిన కోడ్‌లో భద్రతా లోపాలు వెతకడం అనే పనిలో టూల్ సగమే, చదివే మనిషి మిగతా సగం. టూల్ ఫ్రీగా దొరుకుతుంది. మనిషి దొరకడం కష్టం. ఆ మనిషి మన పిల్లలు కావచ్చు, దానికి పొలం తాకట్టు పెట్టే పని లేదు. ఈ మాట ఎందుకంటున్నామో వివరంగా చెప్తాం.

సి లో గొడవ ఎక్కడ ఉంది?

సి భాషని 1970ల మొదట్లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేశారు. అది ప్రోగ్రామర్‌ని పూర్తిగా నమ్మే భాష. పది అక్షరాలకు జాగా ఇచ్చి, అందులో ఇరవై అక్షరాలు పోసినా "ఆగు" అనదు. సోలెడు పట్టే గిన్నెలో మానెడు గింజలు పోస్తే ఏమవుతుంది? మిగిలినవి పక్కన పడతయి. ఇంట్లో అయితే ఎత్తుకుంటాం. కంప్యూటర్ మెమరీలో ఆ పక్కన ఇంకొకరి సామాను ఉంటుంది. ఒక్కోసారి ఆ పక్కన ఉండేది "ఈ పని అయ్యాక ఎక్కడికి పోవాలి" అనే చిరునామా. బయటివాడు తెలివిగా గింజలు పోస్తే ఆ చిరునామాని తనకు కావాల్సినట్టు మార్చేస్తాడు. దీన్నే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు.

మన కాలేజీ ల్యాబ్‌లో టర్బో సి నీలం స్క్రీన్ మీద "పేరు ఎంటర్ చెయ్యి" ప్రోగ్రాం అందరం రాశాం కదా. అందులో గెట్స్ అనే ఫంక్షన్ వాడి ఉంటారు. దానికి గిన్నె సైజు ఎంతో చెప్పే వీలే లేదు. 1988 నవంబర్ 2న అమెరికాలో మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో పాకినప్పుడు అది లోపలికి దూరిన దారుల్లో ఒకటి ఈ గెట్స్ ఫంక్షనే. 512 అక్షరాల జాగాలో అంతకంటే ఎక్కువ పంపింది. సుమారు 6,000 కంప్యూటర్లకు సోకిందని అప్పటి అంచనా. చివరికి 2011లో వచ్చిన సి ప్రమాణం నుంచి గెట్స్‌ని పూర్తిగా తీసేశారు. మన దగ్గర కొన్ని ల్యాబ్ రికార్డుల్లో అది ఇంకా బతికే ఉంది!

ఇంకో రకం లోపం హాస్టల్ పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది. రూమ్ ఖాళీ చేశాం, కానీ తాళం చెవి మన జేబులోనే ఉండిపోయింది. ఓనర్ ఆ రూమ్ ఇంకొకరికి ఇచ్చాడు. మనం పాత చెవితో తలుపు తీసి లోపలికి పోతే? ప్రోగ్రాంలో కూడా ఫ్రీ చేసిన మెమరీని పాత పాయింటర్‌తో మళ్లీ ముట్టుకోవడం అట్లాంటిదే. యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటారు. మూడో రకం, వాడేవాడు ఇచ్చిన మాటని ప్రింట్ఎఫ్‌కి నేరుగా ఫార్మాట్‌గా ఇచ్చేయడం. పేరు రాయమని కాగితం ఇస్తే వాడు పేరుకు బదులు ఆర్డర్ రాసిచ్చాడు, మనం చదవకుండా అమలు చేశాం. అంతే.

ఇవి పాత కాలం ముచ్చట్లు అనుకోవద్దు. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది.

స్కానర్ ఏం చేస్తుంది?

ఈ లోపాలు పట్టడానికి టూల్స్ చాలా కాలం నుంచి ఉన్నయి. 1978లోనే బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ లింట్ అనే ప్రోగ్రాం రాశారు. బట్టకు అంటుకున్న నూలు పోగుల్ని ఏరినట్టు కోడ్‌లో అనుమానపు లైన్లు ఏరుతుంది కాబట్టి ఆ పేరు. 2001లో డేవిడ్ వీలర్ ఫ్లాఫైండర్ అనే టూల్ ఇచ్చారు. ఉచితం, పైథాన్‌లో రాసింది. ఇంకా సీపీపీచెక్ ఉంది. క్లాంగ్ కంపైలర్‌తో వచ్చే ఎనలైజర్ ఉంది. జీసీసీలో కూడా పదో వెర్షన్ నుంచి, అంటే 2020 నుంచి, అట్లాంటి ఎనలైజర్ పెట్టారు. ఇవన్నీ ఒక్క రూపాయి కట్టకుండా వాడుకోవచ్చు.

ఫ్లాఫైండర్ పని చాలా సింపుల్. ప్రమాదకరమైన ఫంక్షన్ల జాబితా దాని దగ్గర ఉంటుంది. మన కోడ్‌లో ఆ పేర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, 0 నుంచి 5 దాకా ప్రమాద స్థాయి వేసి చూపిస్తుంది. గెట్స్ కనిపిస్తే 5. స్ట్రింగ్ కాపీ ఫంక్షన్ కనిపిస్తే 4. మెమరీ కాపీ ఫంక్షన్, అదే మెమ్‌కాపీ, కనిపిస్తే 2.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. అది పేరు చూస్తోంది. ఆ లైన్ చుట్టూ కథేంటో దానికి తెలియదు. రాత్రి కుక్క మొరుగుతుంది. దొంగ వచ్చినా మొరుగుతుంది, పక్క తండా నుంచి మేనమామ వచ్చినా మొరుగుతుంది. లేచి దీపం పట్టుకొని చూడాల్సింది ఇంటివాడే. ఇంకో సంగతి కూడా ఉంది. బాగా తెలిసిన మనిషే దొంగ అయితే కుక్క మొరగదు.

ఒక ఉదాహరణ. ఒకడు స్ట్రింగ్ కాపీ వాడాడు, కానీ దానికి రెండు లైన్ల పైనే "పొడవు గిన్నె కంటే ఎక్కువ ఉంటే వెనక్కి పో" అని రాశాడు. స్కానర్ దానికి 4 వేస్తుంది. చదివితే ఇబ్బంది లేదని తెలుస్తుంది. ఇంకొకడు ఏ ఫంక్షనూ వాడలేదు, సొంతంగా వైల్ లూప్ రాసి ఒక్కో అక్షరం కాపీ చేశాడు, ఎక్కడ ఆపాలో చూసుకోలేదు. అది మొదటిదాని కంటే ఎంతో ప్రమాదం. ఫ్లాఫైండర్ దాని దగ్గర నోరు మెదపదు. ఎందుకంటే జాబితాలో ఉన్న పేరేదీ అక్కడ లేదు.

రెండు కథలు, ఒక్కటే పాఠం

మొదటిది హార్ట్‌బ్లీడ్. ఇంటర్నెట్‌లో పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే సి లైబ్రరీ ఉంది. 2014 ఏప్రిల్‌లో అందులో పెద్ద లోపం బయటపడింది. రెండేళ్ల ముందు నుంచే, 2012 మార్చిలో విడుదలైన వెర్షన్ నుంచి, అది ఉంది. లోపం ఏంటంటే, ఎదుటి కంప్యూటర్ "నేను ఇంత పొడుగు మాట పంపుతున్నా, అదే మాట తిరిగి పంపు" అంటుంది. వచ్చింది ఒక్క అక్షరం, చెప్పిన పొడవు 64 వేలు. మన సర్వర్ చెప్పిన మాట నమ్మి, ఆ ఒక్క అక్షరంతో పాటు మెమరీలో దాని పక్కనున్నవన్నీ తోడి పంపేసింది. అందులో ఇంకొకరి పాస్‌వర్డ్ ఉండొచ్చు, సర్వర్ తాళం చెవే ఉండొచ్చు. నిజంగా ఎంత వచ్చిందో కొలిచి చూసే తనిఖీ కోడ్‌లో లేదు.

ఆ డేటాని తోడిపోసిన ఫంక్షన్ ఏంటో తెలుసా? మెమ్‌కాపీ. ఫ్లాఫైండర్ లెక్కలో స్థాయి 2 ది. "నాలుగు, అయిదు మాత్రమే చూస్తాం, మిగతావి వదిలేస్తాం" అనుకునేవాడి కంటికి ఇది ఆనదు. అంతెందుకు, అప్పటికి వాడుకలో ఉన్న పేరున్న స్కానర్లు కూడా దీన్ని పట్టలేకపోయాయి. బయటపడ్డాక కోవెరిటీ లాంటి టూల్ తయారుచేసినవాళ్లు దీనికోసం కొత్త తనిఖీ చేర్చుకున్నారు.

రెండో కథ దీనికి రివర్స్. ఇక్కడ టూల్ మొరిగింది, మనిషి చూడకుండానే కర్ర ఎత్తాడు. 2006లో డెబియన్ లైనక్స్‌లో ఇదే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కోడ్ మీద వాల్‌గ్రైండ్ అనే టూల్ ఒక హెచ్చరిక ఇచ్చింది, "విలువ పెట్టని మెమరీని చదువుతున్నారు" అని. హెచ్చరిక పోవాలని సంబంధిత లైన్లు తీసేశారు. హెచ్చరిక పోయింది. దాంతోపాటు తాళం చెవులు తయారుచేయడానికి కావాల్సిన యాదృచ్ఛికత కూడా పోయింది! మిగిలింది ప్రాసెస్ నంబర్ ఒక్కటే. అంటే ఒక రకం చెవికి 32,768 అవకాశాలకు మించి లేవు. మామూలు కంప్యూటర్‌తో అన్నీ ప్రయత్నించి చూడొచ్చు. 2008 మే నెలలో ఇది బయటపడేదాకా దాదాపు రెండేళ్లు డెబియన్‌లో ఆ బలహీనమైన తాళాలే తయారయ్యాయి.

ఒక చోట టూల్ పట్టలేదు. ఇంకో చోట టూల్ మాట విని మంచి లైన్ తీసేశారు. రెండింటిలోనూ లోటు ఒక్కటే. "ఈ లైన్ ఇక్కడ ఎందుకుంది?" అని అడిగే మనిషి లేడు. సర్టిఫికెట్ కోర్సులో ఈ ప్రశ్న అడగడం నేర్పిస్తున్నారా లేదా చూడండి. నేర్పిస్తే చేరండి. లేకపోతే డబ్బులు మిగుల్చుకోండి.

ఇది మనకెందుకు?

కొందరు అన్నలు అడుగుతారు, "మనకు పోడు పట్టాల సమస్య ఉంది, ఉద్యోగాల సమస్య ఉంది, ఈ సి కోడ్ గోల ఎందుకు?" అని. మంచి ప్రశ్నే.

మన ఊళ్లల్లో ఇప్పుడు ఎక్కువగా వినిపించే మాట "సిస్టంలో లేదు". రేషన్ షాపులో వేలిముద్ర పడకపోతే సిస్టం. స్కాలర్‌షిప్ రాకపోతే సిస్టం. పట్టాలో పేరు తప్పు పడితే సిస్టం. మన పెద్దలు ఆ మాట వినగానే తల ఊపి వెనక్కి వస్తారు. అడవి, వాన మీద కోపం తెచ్చుకోనట్టే సిస్టం మీదా కోపం తెచ్చుకోరు. కానీ వానని మనిషి రాయలేదు. సిస్టంని మనిషి రాశాడు. మనిషి రాసినదాన్ని ఇంకో మనిషి చదవొచ్చు, తప్పుంటే పట్టుకోవచ్చు. ఈ ధైర్యం కోడ్ చదివితేనే వస్తుంది.

2019 ఏప్రిల్ 18న మన ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజులు గుర్తున్నాయి కదా. బాగా రాసిన పిల్లలకు ఫెయిల్ అని వచ్చింది, పరీక్ష రాసినవాళ్లకు రాయలేదని వచ్చింది. ఫెయిలైన మూడు లక్షలకు పైగా పిల్లల పేపర్లు మళ్లీ చూడాల్సి వచ్చింది. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీ సాఫ్ట్‌వేర్ వైపు కూడా లోపాలున్నాయనీ, సరిపడా పరీక్షించి చూసుకోలేదనీ తేల్చింది. ఆ సాఫ్ట్‌వేర్ ఏ భాషలో రాశారన్నది ఇక్కడ విషయం కాదు, అది హ్యాకింగ్ కేసు కూడా కాదు. లక్షల పిల్లల భవిష్యత్తుని లెక్కగట్టే కోడ్‌ని వాడే ముందు బయటివాళ్లు ఎవరైనా కూర్చొని అనుమానంగా చదివారా అన్నదే మా ప్రశ్న. అట్లా చదివేవాళ్లు రాష్ట్రానికి ఎంతమంది ఉంటే అంత మంచిది. వాళ్లలో మనవాళ్లు కూడా ఉండాలి.

గ్రూప్స్ అన్నలకు ఒక మాట ఉందన్నాం కదా, అది ఇది. కోడ్ బాగున్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. 2023 మార్చిలో టీఎస్‌పీఎస్సీ పేపర్ లీకేజీ బయటపడి, 2022 అక్టోబర్ 16న రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. ఈ చైతన్యపురి, అశోక్‌నగర్ రూముల్లో ఎంతమంది ఆ రోజు తలలు పట్టుకున్నారో మనకు తెలుసు. అక్కడ బయటి హ్యాకర్ ఎవడూ సి కోడ్‌లో బొక్క వెతకలేదు. లోపలి మనుషులే కాన్ఫిడెన్షియల్ కంప్యూటర్‌లోకి పోయారని దర్యాప్తు చెప్పింది. ఎవరికి ఏ కంప్యూటర్ మీద ఎంత అధికారం ఉండాలి, ఎవరు ఎప్పుడు లోపలికి పోయారో రాసిపెడుతున్నారా అని అడగడం కూడా సెక్యూరిటీనే. రేపు ఆఫీసర్లు అయ్యేది మీరే. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు "దీన్ని ఎవరు చెక్ చేశారు? రిపోర్టు ఒక్కటేనా, ఎవరైనా చదివారా?" అని సంతకం పెట్టే ముందు అడిగేది మీరే అవ్వాలి.

హద్దు ఎక్కడ?

ఇది గట్టిగా చెప్పాలి. వేరేవాళ్ల వెబ్‌సైట్ మీద, ఆఫీసు కంప్యూటర్ మీద, కాలేజీ సర్వర్ మీద పర్మిషన్ లేకుండా ఏ టూలూ నడపొద్దు. ఐటీ చట్టం 2000లో 43, 66 సెక్షన్ల కింద అది నేరం కావచ్చు. మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మన పిల్లగాడి మీద కేసు పడితే లాయర్‌కి పెట్టే స్తోమత మన ఇళ్లల్లో లేదు.

మన హైదరాబాద్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. ఈవీఎంలు తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి మన ఈసీఐఎల్. ఆ యంత్రాల్లోని ప్రోగ్రాం సోర్స్ కోడ్ జనానికి చూపించరు. 2010లో హైదరాబాద్‌కి చెందిన ఇంజనీర్ హరిప్రసాద్, అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కి చెందిన రాప్ ఖొంగ్రైప్‌తో కలిసి ఒక ఈవీఎంని పరిశీలించి, అందులో బలహీనతలున్నాయని పరిశోధనా పత్రం రాశారు. ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు. ఆ యంత్రం దొంగిలించిందని కేసు పెట్టి, అదే ఏడాది ఆగస్టులో ముంబై పోలీసులు హైదరాబాద్ వచ్చి హరిప్రసాద్‌ని అరెస్టు చేశారు. తర్వాత బెయిల్ వచ్చింది. అదే ఏడాది అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు అవార్డు ఇచ్చింది. 2013 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఓటు పడిన కాగితం కనిపించే వీవీప్యాట్ అవసరమని చెప్పింది. ఎవరిది రైటు అన్న చర్చ ఇప్పుడు మొదలుపెట్టడం లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి. మూసిపెట్టిన దాన్ని పరీక్షించడం వేరు, తెరిచి పెట్టినదాన్ని చదవడం వేరు. విద్యార్థిగా ఉన్నన్నాళ్లూ తెరిచి పెట్టినదాన్నే చదవండి. ఓపెన్ సోర్స్ అంటేనే "రండి, చదవండి" అని పిలవడం. అక్కడ ఎవరి పర్మిషనూ అడగాల్సిన పని లేదు.

ఎట్లా మొదలుపెట్టాలి?

లాప్‌టాప్ లేదని ఆగొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్‌లో క్లాంగ్ కంపైలర్, పైథాన్ పనిచేస్తయి. పాత లాప్‌టాప్ ఉంటే లైనక్స్ వేసుకోండి. వేయడం రాకపోతే హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి విద్యార్థులకు చెప్తున్నారు, వాళ్లను అడగొచ్చు.

మొదటి వారం: మీ ల్యాబ్ రికార్డులో మీరే రాసిన ప్రోగ్రాంలు తీసుకోండి. టర్బో సి పక్కన పెట్టి, జీసీసీలోనో క్లాంగ్‌లోనో అన్ని హెచ్చరికలూ చూపించే ఆప్షన్ పెట్టి కంపైల్ చేయండి. వచ్చిన ప్రతి హెచ్చరికని నోట్‌బుక్‌లో రాసి, అది ఎందుకు వచ్చిందో మీ మాటల్లో తెలుగులో రాయండి. కోయలోనో, గోర్‌బోలిలోనో, గోండిలోనో చెప్పుకున్నా ఇంకా మంచిది. మన భాషలో చెప్పగలిగితేనే మనకు అర్థమైనట్టు.

రెండో వారం: అవే ప్రోగ్రాంల మీద ఫ్లాఫైండర్, సీపీపీచెక్ నడపండి. రెండూ ఒకే లైన్లు చూపిస్తున్నాయా, తేడా ఎక్కడుందో చూడండి. తర్వాత అడ్రస్ శానిటైజర్ అనే ఆప్షన్‌తో కంపైల్ చేసి, పేరు అడిగిన చోట రెండొందల అక్షరాలు కొట్టండి. గిన్నె ఎక్కడ పొంగిందో చూపిస్తుంది. ఒక్కసారి కళ్లతో చూస్తే జీవితంలో మర్చిపోరు.

మూడో వారం నుంచి: వెయ్యి లైన్లలోపు ఉన్న చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఒకటి తీసుకోండి. స్కానర్ చూపించిన ప్రతి లైన్ దగ్గర మూడు ప్రశ్నలు వేయండి. ఈ డేటా ఎక్కడి నుంచి వచ్చింది, మనదా, బయటివాడు పంపిందా? అది పోయి కూర్చునే జాగా ఎంత? ఈ రెండింటి మధ్య కొలిచి చూసిందెవరు? మూడింటికీ జవాబు దొరికితే అది దొంగో, మేనమామో తెలిసిపోతుంది. తర్వాత స్కానర్ చూపించని లైన్లు కూడా చదవండి. ముఖ్యంగా లూప్‌లు, పొడవు లెక్కలు, ఫ్రీ చేసిన చోట్లు.

నిజంగా లోపం దొరికిందనిపిస్తే ఊరంతా చాటొద్దు. ఆ ప్రాజెక్టు వాళ్లు భద్రతా లోపాల కోసం ఇచ్చిన దారిలో వాళ్లకు మాత్రమే రాయండి. మన దేశంలో సెర్ట్-ఇన్ అనే ప్రభుత్వ సంస్థ కూడా ఇందుకే ఉంది. రాసేముందు మీరే ఆ లోపాన్ని నడిపి చూసి ఉండాలి. టూల్ ఇచ్చినదాన్ని, ఏఐ ఇచ్చినదాన్ని అట్లనే కాపీ కొట్టి పంపొద్దు. కర్ల్ అనే ప్రసిద్ధ సి ప్రాజెక్టుని నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్, ఏఐతో రాయించిన ఉత్తుత్తి లోపాల రిపోర్టులతో తమ సమయం వృథా అవుతోందని 2024 జనవరిలోనే బాహాటంగా రాశారు. నిజం రిపోర్టు ఒక్కటి పంపినవాడి పేరు నిలబడుతుంది. ఉత్తవి పది పంపినవాడి మెయిల్ ఇక ఎవరూ తెరవరు.

వచ్చే అనుమానాలకు జవాబు

"సి పోయింది కదా, ఇప్పుడంతా పైథాన్, ఏఐ" అంటారు. మీరు వాడే పైథాన్ లోపల నడిచేది సి. మీ ఫోన్‌లో ఆండ్రాయిడ్ కింద ఉన్న లైనక్స్ కెర్నల్ సి. యాప్‌లు డేటా దాచుకునే ఎస్‌క్యూలైట్ సి. నిజమే, మెమరీ విషయంలో జాగ్రత్తగా ఉండే రస్ట్ లాంటి భాషలకు మారమని 2024లో అమెరికా వైట్‌హౌస్ కార్యాలయం కూడా చెప్పింది. లైనక్స్ కెర్నల్‌లోకి 2022 చివర్లోనే రస్ట్ వచ్చింది. కానీ యాభై ఏళ్లుగా రాసిపెట్టిన కోడ్ ఒక్క రోజులో పోదు. పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టేదాకా పాత ఇంటి గోడలు చూసేవాళ్లు కావాలి.

"మాకు ఇంగ్లిష్ రాదు" అంటారు. ఇంటర్వ్యూకి ఇంగ్లిష్ కావాలి, కాదనం. కోడ్ చదవడానికి కావాల్సిన ఇంగ్లిష్ మాటలు మాత్రం రెండు మూడొందలే. అవి మీకు ఇప్పటికే సగం వచ్చు. ఇక్కడ ఓపిక ముఖ్యం, ఒక్కో అడుగు ఆనవాలు పట్టుకొని పోయే ఓపిక. అడవిలో తప్పిపోయిన మేకని గిట్టల గుర్తు చూసి వెతికే పిల్లలం మనం. ఆ చూపు మనకు కొత్త కాదు.

"ఇది నేర్చుకుంటే ఉద్యోగం వస్తదా?" అంటారు. గ్యారంటీ మేము ఇవ్వం. గ్యారంటీ ఇచ్చేవాళ్ల బోర్డుల గురించి పైనే మాట్లాడుకున్నాం. ఇంతవరకు మాత్రం చెప్పగలం. రెండు నెలలు ఇట్లా ఉచితంగా చదివాక మీకు ఇష్టమో కాదో తెలుస్తుంది. ఇష్టమైతే అప్పుడు మంచి కోర్సు వెతుక్కోండి, డబ్బు కట్టండి, ఏం అడగాలో కూడా అప్పటికి మీకు తెలిసి ఉంటుంది. కాకపోతే ఇంటి డబ్బు ఇంట్లోనే ఉంటుంది. ఈ లెక్కలో నష్టపోయేవాడు లేడు.

ఒక కోరికతో ముగిస్తాం. ప్రతి హాస్టల్‌లో నలుగురైదుగురు కలిసి ఆదివారం రెండు గంటలు ఒక్క సి ఫైల్ ముందు కూర్చోండి. ఒకరు లైన్లు చదవాలి, మిగతావాళ్లు ఆ మూడు ప్రశ్నలు అడగాలి. ఈ నెల ఏ ఫైల్ చదివారో, ఏ లైన్ దగ్గర గొడవ పడ్డారో ఈ పోస్టు కింద రాయండి. అర్థం కానివి కూడా రాయండి, అందరం కలిసి చూద్దాం. చైతన్యపురి చుట్టుపక్కల ఉన్నవాళ్లు కామెంట్‌లో చెప్తే, ఒకే ఫైల్‌ని రెండు మూడు రూములు కలిసి చదివేట్టు ఏర్పాటు చేద్దాం. కోర్సు ఫీజు కట్టడానికి ఇంటికి ఫోన్ చేయబోతున్న తమ్ముడో, చెల్లెలో మీ రూములో ఉంటే, ముందు ఈ పోస్టు చదివించండి.

జోహార్.